మామిడితోట రివాల్వరు



బెజవాడనుండి ఏలూరు పోవు పెద్దబాటయు, నూజివీడునుండి గుడివాడవైపు పోవు బాటయు కలిసికొను కూడలిలో ఆంజనేయస్వామి వెలసి యున్నాడు. ఆ స్వామి పేరునకు ఇంగ్లీషు మాట యొకటి తోడై మా యూరు హనుమాన్ జంక్షన్ అయినది. మా రైలుస్టేషనుకు మాత్రము నూజివీడు అని పేరు. బండి దిగిన క్రొత్తవారు నూజివీడేదని వెదకుకొనుటయు, అది యింకను పన్నెండుమైళ్ల దూరమున నున్నదని మావారు చెప్పుటయు నా చిన్ననాటినుండి నేను చూచుచున్న వినోదము. స్వామి చేత గద యున్నది. దానికి లైసెన్సు లేదు. మా యూర అట్టి మినహాయింపు ఆయన కొక్కనికే చెల్లినది.

తక్కినవారు ఆయుధము పట్టవలెనన్న ఎవరి నడుగవలెను, ఎందుకని చెప్పి యడుగవలెను, చేతికి వచ్చినదానిని ఎట్లు కాపాడవలెను అనునదియే నేటి ప్రసంగవిషయము. మూడుతరములు మా యింట నుండిన చిన్న రివాల్వరు నొకదానిని నేను ఈమధ్యనే వదలుకొంటిని. వదలుకొనుటకు పూర్వము దాని కాగితములన్నియు పెట్టెలోనుండి తీసి చదివితిని. ఆయుధము జానెడు, కాగితములు బారెడు. ఆ కాగితములలో అడుగడుగునను కనబడు ప్రశ్న యొక్కటే: ఎందుకు?

మా తాతగారికి నూజివీడు బాటమీద మామిడితోట యుండెను. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, కలెక్టరు, ఇవి అందలి జాతులు. ఇతరప్రాంతములవారు తోతాపురి యనుదానిని మా వైపున కలెక్టరు కాయ యందుము. లైసెన్సు నిచ్చువారు కలెక్టరుగారు గనుక తాతగారు ఆ చెట్లకు నీరు ఎక్కువ పెట్టింతురని మా నాయనమ్మ పరిహాసమాడెడిది. చైత్రము మొదలు జ్యేష్ఠమువఱకు కోత. కాయలు రాత్రివేళ ఎడ్లబండ్లమీద స్టేషనుకు చేరును. వ్యాపారస్థులు అచ్చటనే రొక్కము చెల్లింతురు. ఆ రొక్కము నడుమునకు కట్టుకొని తాతగారు తెల్లవాఱకమునుపే తోటకు మరలి వచ్చుచుండిరి. అట్టి రాత్రులు ఏడాదికి ముప్పదియో నలుబదియో యుండును. ఆ నలుబది రాత్రుల కొఱకే వారు రివాల్వరు కొనిరి.

తోటలో కోతులను బెదరించుటకు మూతినుండి మందు కూరు తుపాకి యొకటి అంతకుముందే యుండెను. దానిని ఊరందఱు నెఱుగుదురు. అది భుజము మీద నున్నంతసేపు అల్లంతదూరమునుండి కనబడును. రివాల్వరు అట్టిది కాదు. అది పంచె మడతలో ఇమిడిపోవును. దానిని ధరించినవాడెవడో, ధరింపనివాడెవడో ఎదుటివానికి తెలియదు. అందువలననే నేటి చట్టము ఈ రెంటికిని భేదము చూపినది. పంటకాపుకు మూతినుండి కూరు తుపాకిని గాని, ఆత్మరక్షణకో వేటకో 20 అంగుళములకు తక్కువకాని గొట్టముగల నున్నని తుపాకిని గాని అడిగినచో, వేఱు అభ్యంతరము లేనప్పుడు లైసెన్సు నీయవలెనని 1959 నాటి ఆయుధచట్టము చెప్పుచున్నది. తక్కినవానికి తగిన కారణము కలదని అధికారికి తృప్తి కలిగిననే యిచ్చుట. రివాల్వరు ఈ రెండవ తరగతిలోనిది.

ఈ లైసెన్సు అనునది ఎప్పటినుండి వచ్చినది? రివాల్వరు అనగా తిరుగునది యని యర్థము. సామ్యుయెల్ కోల్టు అను అమెరికావాడు 1836లో తన దేశమున దీనికి పేటెంటు పొందెను. అప్పటివానిలో ఒక్కొక్క అరయందు మందును, గుండును వేఱువేఱుగ కూరవలసి యుండెను. మందు, గుండు, నిప్పురవ్వ మూడును ఒకే లోహపు గుల్లలో నిమిడిన తూటాను వెనుకనుండి పెట్టు రివాల్వరును స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీవారు 1857లో అమ్మకమునకు దెచ్చిరి. ఆ సంవత్సరమే మన దేశమున సిపాయిలు తిరుగబడిరి. సముద్రముల కావల పిస్తోలు సులభమగుచున్న కాలముననే ఇచ్చట అది దుర్లభము కాజొచ్చినది. తిరుగుబాటునాడే యొక ఆయుధశాసనము చేసిరి. 1860లో మఱియొకటి చేసిరి. 1878లో లిట్టన్ ప్రభువు రాజప్రతినిధిగా నున్నపుడు పదునొకండవ చట్టముగా వచ్చినది అసలు గట్టిచట్టము. దేశభాషాపత్రికల నోరు కట్టిన చట్టము కూడ ఆ యేటిదే. చేయిని, నోటిని ఒక్క సంవత్సరముననే కట్టినారన్నమాట.

1878 చట్టమున కత్తులు, బల్లెములు కూడ ఆయుధములలో చేరినవి. అంతకన్న నొప్పి కలిగించిన సంగతి మఱియొకటి. ఐరోపావారికి లైసెన్సు అక్కఱలేదు. బిరుదులుగల కొందఱికి, గొప్ప భూస్వాములలో కొందఱికి మినహాయింపు కలదు. తక్కిన భారతీయుడు మాత్రము చేతులు కట్టుకొని కారణము చెప్పికొనవలెను. 1887లో మద్రాసున బద్రుద్దీన్ తయ్యబ్జీ గారి అధ్యక్షతను కాంగ్రెసు మూడవ మహాసభ జరిగినపుడు, ముప్పదియేండ్లయినను నిండని బిపినచంద్రపాలుడు ఈ చట్టమును రద్దు చేయవలెనని గట్టిగా వాదించెను. తుపాకి కావలెనను కోరికకంటె, నమ్మదగనివారమను ముద్ర పోవలెనను కోరికయే ఆ వాదములో హెచ్చని నా తలంపు. జాతిభేదము 1920 నాటి నిబంధనలతో చట్టమునుండి తొలగినది. లైసెన్సు మాత్రము నిలిచినది.

రెండేండ్లు గడచినవో లేదో, మన విశాఖమన్యములో అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణాను, 23న కృష్ణదేవిపేటను, 24న రాజవొమ్మంగిని వరుసగా ముట్టడించెను. మూడు ఠాణాలలో కలిసి 26 తుపాకులు, 2,500కు పైచిలుకు తూటాలు ఆయన చేతికి చిక్కినవి. ఈ కథ మీరందఱు వినియున్నదే. అందులో నాకు ఎప్పటికిని అబ్బురముగా తోచు సంగతి వేఱొకటి గలదు. తీసికొనిపోయినవానిని ఆయన లెక్క వ్రాసి, సంతకము చేసి పోయెను. లైసెన్సు లేని వీరుడును తూటాల లెక్క వ్రాసినాడు! తూటాకు లెక్క యుండవలెనను నియమము దొరతనమువారు మనకు నేర్పినది కాదని నాకప్పుడప్పుడు అనిపించును.

గాంధీమహాత్ముడు అహింసావాది గదా, ఆయనకు తుపాకి లైసెన్సులతో నేమి పని యని మీరనుకొనవచ్చును. 1930 జనవరిలో ఉప్పుసత్యాగ్రహమునకు పూర్వము ఆయన రాజప్రతినిధి ముందుంచిన పదునొకండు కోరికలలో, ప్రజల అదుపునకు లోబడి ఆత్మరక్షణకై ఆయుధములకు లైసెన్సు లియ్యవలె ననునది యొకటి. తాను పట్టడు, పట్టగూడదని పరాయివాడు శాసించుట కొప్పుకొనడు. మఱుసటి యేడు కరాచీ కాంగ్రెసు ప్రాథమికహక్కుల తీర్మానములో, నిబంధనలకు లోబడి ఆయుధము ధరించుట పౌరుని హక్కని వ్రాసికొనిరి.

హక్కని వ్రాసికొన్నవారు స్వరాజ్యము వచ్చినపిమ్మట ఏమి చేసిరి? ఈ ఘట్టమును మన పాఠ్యపుస్తకములు చాలవఱకు దాటిపోవును గనుక కొంచెము నిలిచి చెప్పెదను.

1946 జులై 4వ తేదీన నల్లగొండ జిల్లా కడవెండి గ్రామములో విసునూరు దేశ్‌ముఖు మనుషులు పేల్చిన తుపాకికి దొడ్డి కొమరయ్య బలియయ్యెను. తెలంగాణపోరాటమున అది మొదటి ప్రాణార్పణముగా చెప్పుదురు. పిమ్మట రజాకార్ల దౌర్జన్యము ప్రబలినపుడు జగ్గయ్యపేట, నందిగామ వైపుల సరిహద్దు గ్రామములు గజగజలాడినవి. మా తోటకు నైజాము సరిహద్దు మఱీ దూరము కాదు. అటునుండి కట్టుబట్టలతో తరలివచ్చినవారికి మా యూర గంజి కాచి పోసినట్లు మా నాయనమ్మ చెప్పెడిది. 1948 సెప్టెంబరు 13న భారతసేనలు హైదరాబాదులో ప్రవేశించినవి. 17వ తేదీకి పని ముగిసినది.

అది జరిగిన మూడునెలలకు, 1948 డిసెంబరులో, ఢిల్లీలోని రాజ్యాంగసభయందు హెచ్. వి. కామత్ గారు ఆయుధధారణ హక్కును ప్రాథమికహక్కులలో చేర్పవలెనని సవరణ తెచ్చిరి. కరాచీ తీర్మానమును జ్ఞాపకము చేసిరి. డాక్టరు అంబేద్కరు గారు అంగీకరింపలేదు. హక్కని వ్రాసినచో నేరమునే జీవనముగా గలవారును దానిని అడుగవచ్చునని వారి సమాధానము. సవరణ వీగిపోయినది. రాజ్యాంగములోని ప్రాథమికహక్కులలో నేడు పౌరుని చేతి ఆయుధము మాట రెండుచోట్ల కనబడును. సిక్కులు కృపాణమును ధరింపవచ్చు ననుట యొకటి. జనులు శాంతముగా, ఆయుధములు లేకుండ సమావేశము కావచ్చు ననుట రెండవది.

దొడ్డి కొమరయ్యను కూల్చిన తుపాకి ఎవరిదో తలచుకొన్నపుడు అంబేద్కరుగారి మాట సరియేనని నాకు తోచును. ఆయుధము హక్కైనచో మొదట అది ఉన్నవాని యింటికే పోవును. లేనివాని గుడిసెకు కడపట చేరును. కామత్ గారి మాటలో న్యాయము లేదని మాత్రము నేననజాలను. లైసెన్సు నిచ్చు చేతిలోనే పక్షపాతముండినచో అడుగువాడెక్కడికి పోవును? చట్టములో అప్పీలు కలదు గాని, కచ్చేరీల చుట్టు తిరుగుటకు కాళ్లుండవలెను గదా.

ఇట్లు హక్కు కానిది అనుమతిగా నిలిచినది. ఆంధ్రరాష్ట్ర మేర్పడిన మఱుసటి యేడు, అనగా 1954లో, తాతగారు బందరు కలెక్టరు కచ్చేరికి దరఖాస్తు పెట్టుకొనిరి. తాసీల్దారు విచారణ, పోలీసు విచారణ జరిగినవి. కారణమను గడిలో తాతగారి గుండ్రని చేవ్రాత నేటికి నున్నది: మామిడికాయల సొమ్ము రాత్రి తెచ్చుకొనుటకు. అప్పటికి నడచుచున్నది 1878 చట్టమే. దొరలు పోయినను వారి చట్టము పదునైదేండ్లు మనలను ఏలినది. 1959లో మన పార్లమెంటు చేసిన క్రొత్తచట్టము 1962 అక్టోబరు 1నుండి అమలులోనికి వచ్చినది.

తాతగారి రివాల్వరు బర్మింగుహామునందలి వెబ్లీ అండ్ స్కాట్ కంపెనీవారి .32. అంగుళములో నూఱింట 32 పాళ్ల కొలత. మన దేశమున పౌరుల రివాల్వరులు ఇంచుమించుగా అన్నియు ఆ కొలతవే యుండుటకు కారణమున్నది. సేనలును, పోలీసులును వాడు కొలతలు ప్రజలకు నిషిద్ధములు. దొంగిలించిన సర్కారు తూటాలు ఇంటి ఆయుధములో పట్టకుండవలెనని దాని యుద్దేశము. తరువాత కాన్పూరు సర్కారు కర్మాగారమువారు చేసిన .32 రివాల్వరు కూడ వెబ్లీ పోలికదే. సుమారు 700 గ్రాముల బరువు, మూడంగుళముల గొట్టము. 2014లో వారే స్త్రీల నుద్దేశించి ‘నిర్భీక్’ అను పేర తేలికలోహముతో 500 గ్రాముల దానిని చేసిరి. వెల లక్షరూపాయలు దాటినది. లక్షరూపాయలు పెట్టగల యింటి ఆడుబిడ్డకే అంతటి అభయమన్నమాట.

ఇక దాని పోషణ. తాతగారు తమ జీవితమున దానిని మనుష్యునిపై నెన్నడు పేల్చలేదు. ఐనను నెలకొకమాఱు తుడుచుట మానలేదు. మా డెల్టాగాలికి తడి యెక్కువ. ఆషాఢము మొదలు కార్తికమువఱకు ఇనుము ఊరకున్నను తుప్పు పట్టును. పేల్చినదానికంటె పేల్చనిదానికే తుప్పు భయ మధికము, ఏలనన దానిని ఎవరును తెఱచి చూడరు.

వారు మొదట మూతిని తోటగట్టువైపు త్రిప్పి కూర్చుండెడివారు. వెనుకనున్న కొక్కెమును బొటనవ్రేలితో నొక్కగా గొట్టము ముందునకు వ్రాలును. తూటాలు తమంతట పైకి లేచును. వానిని లెక్కించి, వేఱుగదిలో పెట్టి వచ్చి, ఆఱు అరలను వెలుతురునకు పెట్టి చూచెడివారు. చూచుట చాలక చిటికెనవ్రేలికొన ప్రతి అరకు ఆనించెడివారు. కన్ను అలవాటుపడి మోసపోవును, వ్రేలు మోసపోదని వారి నమ్మకము. పాత పంచెపేలికను సన్నని వెదురుపుల్లకు చుట్టి, రెండుచుక్కల కిరసనాయిలు వేసి, గొట్టములోని మెలికగాడులను తుడుచుట తరువాతిపని. మూతి అంచు నొక్కుకొనకుండ చూడవలెను. ఆ అంచు చెడినచో గుఱి చెడును. తూటాలను పైకెత్తు నక్షత్రమువంటి రేకుక్రింద మసి చేరును. దానిని విడిచినచో చక్రము బిగిసి తిరుగదు. పిమ్మట పొడిపేలికతో తుడిచి, కుట్టుమిషను నూనె పైపైన రాచెడివారు. అరలలోపల మాత్రము నూనె చుక్కయైన నుండరాదు. ఉండినచో అది తూటా అడుగునకు దిగి, అచ్చటి నిప్పుమందును చంపును. ఆపదవేళ మీట నొక్కిన టిక్కుమని యూరకుండును.

కొబ్బరినూనె పనికిరాదు. మా నాన్నగారు ఒకయేడు అది రాచి అటకమీది పెట్టెలో నుంచగా, వేసవికి బంకగట్టి, సుత్తె, మనవారు గుఱ్ఱ మని పిలుచునది, నిద్రమత్తున లేచినట్లు మెల్లగ లేచినది. తోలు ఒఱలో నిలువయుంచుటయు తప్పే. ధరించునప్పుడే ఒఱ, ఇంట నుండునప్పుడు పొడిగుడ్డ. తోలు తడిని పీల్చును, తూటా ఇత్తడికి చిలుము పట్టించును. సుత్తె నెత్తి, చక్రమును వ్రేళ్లతో కదలించి చూడవలెను. అది వదులుగ నాడినచో అర గొట్టమునకు సూటిగా నిలువదు. పేల్చినపుడు సీసపుతునుకలు ప్రక్కలకు చిమ్మును. అట్టి మరమ్మతు లైసెన్సుగల పనివానిచేతనే చేయింపవలెనుగాని, ఊరి కమ్మరిచే స్ప్రింగు అరగదీయించుట నేరము, ప్రమాదము కూడను. పేలని తూటా కనబడినచో వెంటనే తెఱువక, మూతిని నేలగట్టువైపే యుంచి అరనిమిషము ఓర్చవలెను. ఒక్కొక్కప్పుడు ఆలస్యముగ పేలును.

విజయదశమినాడు తాతగారు రివాల్వరును పూజలో నుంచెడివారు. దాని ప్రక్కనే లైసెన్సు పుస్తకమును పెట్టి, దానికిని కుంకుమబొట్టు పెట్టెడివారు. పుస్తకములో 1957నుండి యేటేట ఎఱ్ఱని మచ్చలు నేటికి నున్నవి.

ఇంత జాగ్రత్తగల యింటనే 1963లో జరిగినదానిని చెప్పుట కిప్పటికిని నాకు గొంతు తడియాఱును. నాకప్పుడు పదేండ్లు. కాయకోత ముమ్మరముగ నున్న రోజులు. తాతగారు రాత్రంతయు స్టేషనువద్ద మేలుకొని వచ్చి మధ్యాహ్నము నిద్రించుచుండిరి. పెట్టె తాళపుచెవి తలగడక్రింద నుండవలసినది మంచముమీద నుండెను. నేను పెట్టె తీసితిని. మా పెదనాన్నగారి అబ్బాయి, నాకు అన్న, వసారాలో ముంజెలు తినుచుండెను. ఆయన రొమ్మునకు గుఱిపెట్టి, రెండుచేతుల వ్రేళ్లతో మీటను లాగితిని. మీట బిగువైనది. సుత్తె కొంత లేచినది, చక్రము కదలినది. నా వ్రేళ్లు జాఱి సుత్తె మరల క్రిందికి దిగినది. మఱల లాగుటకు చేయి సవరించుకొనునంతలో తాతగారు వెనుకనుండి వచ్చి నా మణికట్టు పట్టుకొని, మూతిని పైకప్పువైపు త్రిప్పిరి.

వారు నన్ను కొట్టలేదు. తెఱచి తూటాలను అరచేతిలో పోసికొనిరి. అయిదున్నవి. సుత్తెక్రింది అరను వారెప్పుడును ఖాళీగ నుంచెడివారు. ఖాళీ అరయే నన్ను కాపాడినదని నేను చాలకాల మనుకొంటిని. పెద్దవాడనైన పిమ్మట తాతగారే సరిదిద్దిరి. పాతరకపు రివాల్వరు చేయిజాఱి క్రింద పడినపుడు సుత్తెకు దెబ్బతగిలినను పేలకుండుటకు మాత్రమే ఆ ఖాళీ అర పనికివచ్చును. మీట లాగినచో చక్రము తిరిగి నిండు అరను తెచ్చి సుత్తెక్రింద నిలుపును. తిరుగుటయే దాని పని. ఆనాడు మా అన్నను బ్రతికించినది నా వ్రేళ్ల బలహీనత. ఇంకొక యేడాది గడచియుండినచో నా వ్రేళ్లు చాలియుండెడివి.

మఱునాటినుండి రివాల్వరు ఒక పెట్టెలో, తూటాలు మఱియొక పెట్టెలో, రెండు తాళములు, రెండు తాళపుచెవులు. ఒకటి తాతగారి మొలత్రాట, ఒకటి నాయనమ్మ కొంగున. ఆ నలుబది రాత్రులు తప్ప తక్కిన యేడాది రెండును కలియలేదు. ఇట్లుంచినచో అర్ధరాత్రి దొంగ వచ్చిన నేమి పనికివచ్చునని మా నాన్నగారు ఒకప్పుడు అడిగిరి. పనికిరాదు, అని తాతగారు ఒప్పుకొనిరి. దొంగ ఎన్నడో వచ్చును, పిల్లవాడు ఎల్లప్పుడు నింటనే యుండును అని మాత్రము చెప్పిరి.

తాతగారు 1979లో పోయిరి. లైసెన్సు మనిషికిగాని వంశమునకు గాదు. ఈ సంగతి తెలియక ఎన్నో ఇండ్లలో పెద్దాయన పోయిన తరువాత ఆయుధమును బీరువాలోనే యుంచుకొని నేరస్థులగుచున్నారు. లైసెన్సుదారు పోయిన తోడనే దానిని దగ్గఱి ఠాణాలోగాని, లైసెన్సుగల వ్యాపారివద్దగాని అప్పగించి, వారసుడు క్రొత్తగా దరఖాస్తు పెట్టుకొనవలెను. 2016 నాటి నిబంధనలు ఇంకొక దారి చూపినవి. లైసెన్సుదారుకు 70 ఏండ్లు నిండినను, ఆయుధము చేరి 25 ఏండ్లయినను, తాను బ్రతికియుండగనే వారసునిపేర మార్పించుకొనవచ్చును. 2019 సవరణ వలన ఒక్కనికి మూడుగా నుండిన ఆయుధముల పరిమితి రెండైనది. లైసెన్సు గడువు మూడేండ్లనుండి అయిదేండ్లయినది. పెండ్లిళ్లలో, ఊరేగింపులలో సంబరమునకై నిర్లక్ష్యముగ పేల్చినవానికి రెండేండ్లవఱకు ఖైదుగాని, లక్షవఱకు జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును. మన వైపున ఆ దురాచారము తక్కువ. ఐనను పెద్దలు తెలిసియుండుట మంచిది.

నాన్నగారి తరువాత 2005లో లైసెన్సు నాకు వచ్చినది. ఎన్నికలు వచ్చినపుడెల్ల అధికారుల యుత్తరువు మేరకు అప్పగించుట, తిరిగి తెచ్చుకొనుట. ఒకమాఱు వర్షకాలము దాటిన పిమ్మట తిరిగి యిచ్చినపుడు చక్రము నిండ ఎఱ్ఱనితుప్పు. ఎక్కడనో చెప్పను, వారును ఏమి చేయుదురు, గోనెసంచిలో ముప్పది ఆయుధములు గుమ్మరించి యున్నవి. అప్పటినుండి అప్పగించుటకు ముందు నూనెగుడ్డలో చుట్టి, పైన పొడిగుడ్డ చుట్టి, రసీదులో నంబరును నేనే సరిచూచుకొని యిచ్చుట నేర్చుకొంటిని.

నాకు డెబ్బది దాటినవి. మా అబ్బాయి హైదరాబాదులో నుద్యోగము. వానిపేర మార్పించుటకు దరఖాస్తుఫారము తెచ్చి, కారణమను గడియొద్ద కలము నాపితిని. మామిడికాయల సొమ్ము రాత్రి తెచ్చుకొనుట కని వ్రాయుదునా? కాయలు లారీ యెక్కకమునుపే సొమ్ము టెలిఫోనులో బ్యాంకునకు పడుచున్నది. రొక్కము నడుమునకు కట్టుకొనువా డిప్పుడు మా బాటమీద లేడు. వేఱు కారణము వెదకితిని. పరువు అని వ్రాయుటకు గడిలో చోటున్నది గాని, నాకు మనసొప్పలేదు. అబ్బాయి నడిగితిని. నాన్నా, మా ఫ్లాటులో నీ మనుమడున్నాడు గదా, అని వాడు ఒక్క మాట యనెను.

రద్దునకై దరఖాస్తు వ్రాసి యిచ్చి, ఆయుధమును అప్పగించుటకు పోయితిని. ముందురోజు రాత్రి కడసారిగ తుడిచితిని. అచ్చటి ఉద్యోగి చిన్నవాడు, మర్యాదస్థుడు. తూటాలను బల్లమీద వరుసగా నిలిపి లెక్కించెను. పుస్తకములో పదునొకండు, బల్లమీద పదునొకండు. బొట్టుమచ్చలేమిటండీ తాతగారూ అని యడిగెను. చెప్పితిని. సంతకము చేసి బస్సెక్కితిని.

ఇంట ఖాళీపెట్టెలు రెండు, వెదురుపుల్ల, పంచెపేలిక, సగము నూనెగల సీసా మిగిలినవి. సీసాను మా యింటావిడ తన కుట్టుమిషనుకు తీసికొన్నది.